రికార్డు చెరిపే ముందు

ఎవరైనా రికార్డు బద్దలు కొడితే లోకమంతా కొట్టినవాళ్ల చుట్టూ చేరుతుంది. ఒక కాలేజీలో రికార్డుల బోర్డు రాసే బోర్డు బాబాయి మాత్రం ఎవరి రికార్డు పోయిందో వాళ్లను వెతుక్కుంటూ వెళ్లేవాడు. వెళ్లి, "మీ రికార్డు పోయింది, బోర్డు మీద మీ పేరు చెరపమంటారా?" అని అడిగేవాడు. వాళ్లు సరేననేదాకా కుంచె ముట్టుకునేవాడు కాదు. ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ చరిత్ర మొత్తం ఈ ఒక్క మనిషి మొహమాటం మీద నడిచేది.

ఆ సంగతి తెలియకుండా కోచ్ మేడమ్ అక్కడ ఉద్యోగంలో చేరింది. మొదటి రోజే జిమ్ గోడ మీదున్న రికార్డుల బోర్డు ముందు నిలబడి తల పట్టుకుంది. గోడ పొడవునా నల్లరంగు చెక్కబోర్డు, దాని మీద పసుపురంగు అక్షరాలు. ఎడమవైపు ఒక్కొక్కరి రికార్డులు: ఒక మ్యాచ్‌లో ఎక్కువ పాయింట్లు, రింగు తగిలి వెనక్కి వచ్చిన బంతిని ఎక్కువసార్లు అందుకున్న రీబౌండ్లు, తప్పకుండా వరసగా వేసిన ఫ్రీ త్రోలు. కుడివైపు జట్టు రికార్డులు: ఎక్కువ స్కోరు, వరస విజయాలు, ఇలాంటివి. అక్షరాలు చూస్తే ముచ్చటేసింది. అంకెలు చూస్తే మతిపోయింది. ఆఫీసులో ఉన్న స్కోరు కాగితాలకూ ఈ బోర్డుకూ సగం చోట్ల పొంతన లేదు.

కింద స్టూలు మీద కూర్చుని కుంచె కడుక్కుంటున్న బాబాయిని పిలిచింది.

"బాబాయిగారూ, రీబౌండ్ల రికార్డు తప్పుగా ఉంది కదా?"

"తప్పు కాదమ్మా, ఆలస్యం."

"ఎంత ఆలస్యం?"

"ఆయన ఒప్పుకునేంత."

"ఎవరాయన?"

"పళ్ల డాక్టరు. ఏటా వెళ్లి అడుగుతున్నాను. ఇంకొక్క ఏడు ఉంచమంటున్నాడు."

రికార్డు అంటే ఎవరు ఎక్కువ చేస్తే వాళ్లది అని మేడమ్ ఇన్నాళ్లూ అనుకుంటోంది. అది అద్దె ఇల్లనీ, పాతవాళ్లు ఖాళీ చేస్తే తప్ప కొత్తవాళ్లు దిగడానికి వీల్లేదనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ప్రిన్సిపాల్ దగ్గరకెళ్తే ఆయన కుర్చీలో వెనక్కి వాలి, అలవాటైపోయిన జబ్బు గురించి చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. ఒక్కరి రికార్డయితే ఫర్వాలేదట. జట్టు రికార్డు పోతే ఆ జట్టులో ఆడినవాళ్లందరినీ అడగాలి. ఎక్కువ స్కోరు రికార్డు పోయినప్పుడు పాత జట్టులో ఒకడు ఓడ మీద పని చేస్తున్నాడు. ఆ ఓడ రేవుకొచ్చేదాకా కాలేజీ అంతా కాచుకుని కూర్చుంది. మధ్యలో ఆ కొత్త రికార్డును ఇంకో జట్టు కొట్టేసింది. దాంతో బోర్డెక్కకుండానే పదవి పోగొట్టుకున్న ఆ మధ్య జట్టువాళ్లందరినీ కూడా బాబాయి విడివిడిగా పరామర్శించి వచ్చాడు.

అన్నిటికన్నా విడ్డూరం అతి తక్కువ స్కోరు రికార్డు. ఒకప్పుడు ఒక జట్టు మ్యాచ్ మొత్తం మీద పదకొండు పాయింట్లు వేసింది. ఆ వరస తీసేయమని ప్రిన్సిపాల్ ఎన్నిసార్లు చెప్పినా "వాళ్లూ ఆడారు కదండీ" అని బాబాయి కదిలేవాడు కాదు. కొన్నేళ్లకు ఇంకో జట్టు తొమ్మిది వేసి వాళ్లకు విముక్తి ప్రసాదించింది. బాబాయి మొహం చిన్నబుచ్చుకుని పాత జట్టువాళ్ల ఇళ్లకు బయలుదేరాడు. వాళ్లు ఆయన్ను కావలించుకున్నారు, భోజనం పెట్టారు, ఒకాయన బండి మీద ఇంటిదాకా దింపాడు. జట్టు కెప్టెన్ ఒక్కడే ఆలోచించి చెబుతానన్నాడట. అతనికి జీవితంలో మరో రికార్డు లేదు.

"అది సరేనమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్, "అసలు బాధేమిటంటే వేళాపాళా చూసుకోడు. డాక్టరు రోగి నోట్లో పట్టకారు పెట్టి ఉండగా వెళ్లాడు. గది నిండా జనం. నోరు తెరుచుకున్న ఆ రోగి, ఎన్ని రీబౌండ్లని వేళ్లతో సైగ చేసి అడిగాడట. మనవాడొకడు బస్సు డ్రైవరైతే ఇంట్లో ఉండగా చెప్పొచ్చు కదా, నిండు బస్సెక్కి చెప్పాడు. దిగాల్సినవాళ్లు దిగడం మరిచిపోయారు."

మేడమ్ నవ్వింది. అప్పటికి ఆమెకు నవ్వొచ్చింది.

నవ్వు పోయిన రోజు కూడా వచ్చింది. అమ్మాయిల జట్టులో ఒక పిల్ల ఉండేది. బంతి చేతిలో పెట్టుకుంటే బంతే కనిపించేది, పిల్ల కనిపించేది కాదు. అందరూ పిట్ట అనేవాళ్లు. ఆ పిట్ట ఒక సాయంత్రం ఒక్క మ్యాచ్‌లో నలభై ఒక్క పాయింట్లు వేసింది. ఆ కాలేజీలో ముప్ఫై ఎనిమిదిని దాటినవాళ్లు అంతవరకూ లేరు. పిల్లలు పిట్టను భుజాల మీదెక్కించుకుని కోర్టంతా తిప్పారు. మేడమ్ గొంతు పోయేలా అరిచి, బాబాయి కోసం చూస్తే స్టూలు ఖాళీగా ఉంది. ఆయన అప్పటికే చెప్పులేసుకుని గుమ్మం దాటిపోతున్నాడు.

ఈలోగా మరో కబురొచ్చింది. ఒక పెద్ద కంపెనీ తన బాస్కెట్‌బాల్ జట్టుకు ఒక అమ్మాయిని ఉద్యోగమిచ్చి మరీ తీసుకోబోతోంది. కాలేజీ రికార్డు ఉన్నవాళ్లకే ఆ చోటు. పిట్ట తండ్రి నడుం దెబ్బతిని పని మానేశాడు, ఇంటికి పెద్దది పిట్టే. ఈ ఉద్యోగం రాకపోతే వచ్చే ఏడు చదువూ ఉండదు, ఆటా ఉండదు. కంపెనీ ఆటల ఆఫీసరు శనివారం స్వయంగా వస్తానన్నాడు. మేడమ్ ఫోన్ చేసి స్కోరు కాగితం పంపుతానంటే ఆయన వద్దన్నాడు.

"కాగితాలు చాలా చూశానమ్మా. ఎవరికి కావలసినట్టు వాళ్లు రాయించుకుంటారు. మీ గోడ మీద బోర్డు ఉందట కదా. దాని మీద పేరుంటే చాలు, లేకపోతే ఇంకో కాలేజీ చూసుకుంటాను."

శనివారానికి పిట్ట పేరు బోర్డెక్కాలి. మేడమ్ పరుగున వచ్చి బాబాయిని పట్టుకుంది. పాత రికార్డు ఎవరిదని అడిగింది. ఎడంచెయ్యి అనే అమ్మాయిదట. ఎడమచేత్తో ఆడేది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు నడివయసు మనిషి, ఊళ్లోనే దర్జీ కొట్టు నడుపుతోంది.

"ఊళ్లోనేనా, ఇంకేం," అంది మేడమ్. "వెళ్లారా?"

"వెళ్లానమ్మా, రెండుసార్లు."

"ఆమె ఉందా?"

"ఉంది."

"చెప్పారా?"

"లేదు."

"ఎందుకని?"

"ఖాళీగా ఉంది."

మేడమ్ కాసేపు ఆ జవాబు చుట్టూ తిరిగింది. ఎటునుంచి చూసినా లోపలికి దారి దొరకలేదు. మనిషి ఖాళీగా ఉంటే మాట్లాడటం తేలిక కదా అని అడిగింది. నిజమేనన్నాడు. మరెందుకు మాట్లాడలేదంది. ఖాళీగా ఉందమ్మా, అన్నాడు మళ్లీ, ఈసారి కొంచెం జాలిగా, ఇంత చిన్న విషయం ఈమెకు ఎలా చెప్పాలో తెలియనట్టు.

ఆమె ఓపిక అక్కడితో అయిపోయింది. బజారుకెళ్లి మరో పెయింటర్ని పిలుచుకొచ్చింది. అతను జిమ్‌లోకి వచ్చి, బోర్డు ముందు నిలబడి, ఒక అక్షరం వంపును వేలితో గాల్లో గీసుకున్నాడు. తర్వాత ఇంకో అక్షరం. చివరకు డబ్బా మూత కూడా తీయకుండా చంకన పెట్టుకున్నాడు.

"ఇది స్టెన్సిల్ కాదండీ, చేత్తో రాసింది. ఒక్క చోట కూడా కుంచె ఆగలేదు. దీని పక్కన నా రాత పెడితే నా కొట్టు మూసుకోవాలి. ఆయనతోనే రాయించుకోండి."

గురువారం వచ్చేసింది. బాబాయి పని తొందరపెడితే అయ్యేది కాదు. పాత అక్షరాన్ని బ్లేడుతో గీకాలి, ఉప్పు కాగితం పట్టాలి, నల్లరంగు రెండు పూతలు వేసి ఆరనివ్వాలి, సుద్ద పూసిన దారం కొట్టి గీత తీసుకోవాలి, అప్పుడు పసుపు. ఆ రోజు మొదలుపెట్టకపోతే శనివారానికి అందదు. మేడమ్ ఆయన్ను ఆటోలో కూర్చోబెట్టుకుని తనే దర్జీ కొట్టుకు తీసుకెళ్లింది.

కొట్టు చిన్నదే. రెండు కుట్టు మిషన్లు, గోడకు వేలాడుతున్న చొక్కాలు, మూల బల్ల మీద బట్ట తానులు. ఒక మిషన్ దగ్గర మెడలో టేపు వేసుకుని ఎడంచెయ్యి, గుమ్మం పక్కన ఆమె అత్తగారు కాజాలు కుడుతూ. కొట్లో ఇంకెవరూ లేరు. మేడమ్ లోపలికి అడుగు పెట్టబోయింది. బాబాయి ఆమె చెయ్యి పట్టుకుని ఎదురుగా చెట్టు నీడలోకి లాక్కెళ్లాడు.

"కాసేపు ఆగుదాం."

"దేనికి?"

"జనం వస్తారు."

"వస్తే ఆమెకు తీరిక ఉండదు బాబాయిగారూ."

"అవును," అన్నాడు, సంతోషంగా.

బడులు తెరిచే రోజులు. బడి వదలగానే జనం వచ్చారు, మామూలుగా రాలేదు. యూనిఫారం ఇంకా కాలేదా అని ఒకావిడ, పొడుగైందని ఇంకొకాయన, పిల్లాడు రాత్రికి రాత్రి పెరిగాడని మరొకావిడ. గుమ్మందాకా నిండిపోయింది. అత్తగారు సూది పట్టుకునే కోడల్ని కేకలేస్తోంది, చెయ్యి కదలదు నీకు, ఏ పనీ ఒక పట్టాన తెమలదు అని. కోడలు తల ఎత్తకుండా మిషన్ తొక్కుతోంది. ఇప్పుడు గానీ వెళ్తే కొట్టి పంపిస్తారని మేడమ్ అనుకునేలోపు బాబాయి లేచి చొక్కా సర్దుకుని జనంలోకి దూరాడు.

కాలేజీలో ఆయన మాట పక్కనున్నవాళ్లకే వినపడదు. ఆ రోజు కొట్టు దద్దరిల్లింది.

"అమ్మా, ఒక్క మ్యాచ్‌లో నువ్వు వేసిన ముప్ఫై ఎనిమిది పాయింట్ల రికార్డు ఇన్నేళ్లూ నిలబడింది. ఎన్ని జట్లొచ్చాయో, ఎంతమంది ప్రయత్నించారో. ఒక్కరి వల్లా కాలేదు. మొన్న ఒక పిల్ల దాటింది. బోర్డు మీద నీ పేరు చెరపాలి. అడగడానికొచ్చాను."

మిషన్ ఆగింది. జనం ఆగారు. అత్తగారి సూది గాల్లో ఆగింది.

"ముప్ఫై ఎనిమిది ఏమిటి?" అంది అత్తగారు. "ఎవరు వేశారు?"

"మీ కోడలు."

"ఎక్కడ వేసింది?"

"బుట్టలో. బంతి."

అత్తగారు కోడలివైపు తిరిగింది, ఇంట్లో ఇన్నేళ్లుగా ఉన్న బీరువాకు ఇంకో అర ఉందని ఎవరో చెప్పినట్టు. ఇదెప్పుడని అడిగింది. పెళ్లికి ముందని కోడలు చిన్నగా అంది. నాకెందుకు చెప్పలేదంటే, మీరు అడగలేదు అత్తయ్యా అంది. జనంలో ఒకాయన, అందుకేనా ఈవిడ కత్తిరింపులు చూడకుండా విసిరినా బుట్టలోనే పడతాయి అన్నాడు. విసిరినందుకు రోజూ అత్తగారి తిట్లు తినేదని కూడా ఆయనకు తెలుసు, కానీ ఆ మాట మింగేశాడు. ఇంకొకావిడ ఎదుటి జట్టు ఎవరని అడిగింది. బాబాయి ఆ మ్యాచ్ మొత్తం విప్పి చెప్పాడు. మడమ వాచినా కోర్టు దిగలేదనీ, ఇద్దరు చుట్టుముడితే వాళ్ల మధ్యనుంచి ఎడమచేత్తో ఎలా వేసిందో చూసి రిఫరీ ఈల ఊదడం మరిచిపోయాడనీ. యూనిఫారాల సంగతి అందరూ మరిచిపోయారు.

ఎడంచెయ్యి టేపు తీసి బల్ల మీద పెట్టింది. కళ్లలో ఏదో వెలిగింది.

"ఆ పిల్ల వేసినవాటిలో గీత అవతల నుంచి వేసిన మూడు పాయింట్ల బంతులెన్ని?"

కొన్ని ఉన్నాయని మేడమ్ ఒప్పుకుంది.

"నేనాడేటప్పుడు మన కోర్టు మీద ఆ గీతే లేదు. ఎంత దూరం నుంచి వేసినా రెండే. ఏం బాబాయ్?"

"లేదమ్మా. నువ్వు వెళ్లిపోయిన ఏడాదే నేను గీశాను."

"ఒక్క ఏడాది ముందు గీసి ఉంటే?"

"ఈ పిల్లకు ఇంకా పని మిగిలి ఉండేది."

ఇంకేముంది, కొట్టు కొట్టంతా కోర్టయిపోయింది. గీత లేని రోజుల్లో వేసినవాటికి విలువ ఎక్కువని ఒకాయన, చెరపడానికి వీల్లేదని ఒకావిడ. అందరికన్నా గట్టిగా నిలబడింది అత్తగారు. కోడలికి రికార్డు ఉందని ఆమెకు తెలిసి ఇంకా టీ చల్లారేంత సేపు కూడా కాలేదు. అయినా లేచి కాజాల చొక్కా పక్కన పడేసి, "మా ఇంటి రికార్డు చెరపడానికి మీరెవరు? ఇవ్వం," అంది.

మేడమ్ గడియారం చూసుకుంది. ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి ఉంటే ఈపాటికి రంగు ఆరుతూ ఉండేది. ఇప్పుడు ఒక్కరి అనుమతి కాదు, వీధి అనుమతి కావాలి. బాబాయివైపు చూస్తే ఆయన కొత్తబట్టలు వేసుకున్నవాడిలా వెలిగిపోతున్నాడు. ఇక లాభం లేదని మేడమే ముందుకొచ్చి పిట్ట సంగతి చెప్పింది. ఇంట్లో ఎవరున్నారు, శనివారం ఎవరొస్తున్నారు, పేరు లేకపోతే ఏమవుతుంది. దాపరికం లేకుండా, బతిమాలకుండా చెప్పింది.

ఎడంచెయ్యి వింటూ కూర్చుంది. విన్నాక అత్తగారితో, "ఇచ్చేద్దాం అత్తయ్యా," అంది.

అత్తగారు ఒప్పుకునేట్టే ఉంది గానీ, ఆ మాట ఊరికే వదిలే మనిషి కాదు.

"నేను చూడకుండా ఎలా చెరుపుతారు? ముందు నాకు చూపించండి."

కొట్టు తలుపులు మూసి అత్తాకోడళ్లు ఆటో ఎక్కారు. యూనిఫారాల కోసం వచ్చినవాళ్లలో సగం మంది వెనకే నడిచారు. దారిలో మేడమ్ ఇక ఆగలేక బాబాయి చెవిలో అడిగింది, ఖాళీగా ఉంటే ఎందుకు చెప్పరని.

"ఖాళీ కొట్లో చెబితే ఆ అమ్మాయికొక్కదానికే తెలుస్తుంది," అన్నాడు బాబాయి. "ఆమెకు ముందే తెలుసు కదమ్మా."

డాక్టరు గది నిండా ఉన్న రోగులూ, నిండు బస్సూ మేడమ్‌కు గుర్తొచ్చాయి. నోరు తెరుచుకుని వేళ్లతో అడిగిన ఆ రోగి కూడా.

జిమ్‌లో బోర్డు ఎదురుగా అత్తగారికి కుర్చీ వేశారు. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని కోడలి పేరు చదివింది. పక్కనున్న అంకె చదివింది. మళ్లీ పేరు చదివింది. ఇంటిపేరు పుట్టింటిదే ఉందేమిటని చిన్న పేచీ పెట్టింది. అప్పటికి పెళ్లి కాలేదు కదా అని నలుగురూ సర్దిచెప్పారు. బాబాయి నిచ్చెనెక్కి బ్లేడు పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"సరే, చెరుపు," అంది అత్తగారు. "నెమ్మదిగా."

ఆయన నెమ్మదిగానే చెరిపాడు. అక్షరం వెనక అక్షరం పోతుంటే అత్తగారు పెదవులు కదుపుతూ కూర్చుంది. చివరి అక్షరం పోయాక లేచి కోడలితో, రేపటినుంచి కత్తిరింపులు విసిరితే విసురు గానీ, కొట్టులో ఎవరైనా ఉన్నప్పుడు విసురు అంది.

శనివారం ఆటల ఆఫీసరు వచ్చాడు. బోర్డు దగ్గరగా వెళ్లి పిట్ట పేరును వేలితో తాకాడు. వేలికి పసుపు అంటుకుంది. ఆయన వేలు చూసుకున్నాడు, బోర్డు చూశాడు. మొత్తం బోర్డులో ఒక్క పేరే తడిగా ఉంది. నిన్న రాశారా అని అడిగాడు. మేడమ్ ఏం చెబుదామా అనుకునేలోపు బాబాయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు, దర్జీ కొట్టు, అత్తగారు, గీత, అన్నీ. ఆఫీసరు విని, రుమాలుతో వేలు తుడుచుకోబోయి మానేశాడు.

"అడిగి మరీ చెరుపుతారా?"

"అడక్కుండా ఎలాగండీ?"

"అయితే ఇది నిజమైన బోర్డే," అని ఆయన పిట్టను పిలిచి ఎప్పటినుంచి రాగలవని అడిగాడు.

పిట్ట కంపెనీకి బయలుదేరే రోజు అందరి దగ్గరా సెలవు తీసుకుంటూ బాబాయి దగ్గరకొచ్చింది. ఆయన కుంచె పక్కన పెట్టి, చాలా ముఖ్యమైన విషయం అడుగుతున్నట్టు వంగి అడిగాడు.

"మీ కంపెనీలో జనం ఎప్పుడెక్కువ? భోజనాల వేళా, షిఫ్టు మారేటప్పుడా?"

పిట్టకు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాక మేడమ్‌వైపు చూసింది. మేడమ్ ఆ చూపును ఎక్కడో చూసినట్టు నవ్వింది.

"షిఫ్టు మారేటప్పుడే రండి బాబాయిగారూ," అంది. "రెండు షిఫ్టులవాళ్లూ ఉంటారు."